పగటికో క్రీమ్, రాత్రికో క్రీమ్: హైదరాబాద్ ఎండకీ, ఏసీకీ తగ్గ మాయిశ్చరైజర్ ఎంచుకోవడం ఎలా

డే క్రీమ్, నైట్ క్రీమ్ అని షాపులో రెండు డబ్బాలు జంటగా పెట్టి ఉంటాయి కాబట్టి రెండూ కొనాల్సిందేనేమో అనిపిస్తుంది. ఒకసారి రెండింటినీ వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చదవండి. చాలా జంటల్లో కనిపించే తేడా ఇంతే: పగటి డబ్బాలో ఎండను ఆపే పదార్థాలు కొద్దిగా వేసి ఉంటారు, రాత్రి డబ్బాలో నూనెలు, వెన్నలు ఎక్కువ ఉంటాయి. ధరలో తేడా మాత్రం దానికి మించి ఉంటుంది. అందుకే డబ్బా మీద పేరు పక్కనపెట్టి, ఆ పూట అది చేయాల్సిన పనేంటో చూసుకుని కొనాలి.

పగలు మాయిశ్చరైజర్ చేయాల్సింది చాలా తక్కువ. ముఖం బిగుసుకోకుండా చూడాలి, పైన వేసే సన్‌స్క్రీన్‌ను చెడగొట్టకుండా ఉండాలి. రాత్రి పని పెద్దది. చర్మం పై పొరలోంచి నీరు రోజంతా కంటికి కనపడకుండా ఆవిరవుతూనే ఉంటుంది. సాయంత్రం నుంచి రాత్రిలోకి వెళ్లేకొద్దీ ఆ నష్టం పెరుగుతుంది, చర్మం వేడి కూడా కాస్త పెరుగుతుంది. పొడి చర్మం ఉన్నవాళ్లకు దురద పడుకున్నాకే ఎక్కువవడానికి ఇదొక కారణం. కాబట్టి రాత్రి వేసేది నీటిని ఆపగలగాలి. మొటిమలకో మచ్చలకో మందు క్రీమ్ వాడుతుంటే దాని మంటనూ తగ్గించాలి.

జిడ్డు చర్మం ఉండి, ఏ మందూ వాడని పాతికేళ్ల మనిషికి రెండు పూటలా ఒకే జెల్ చాలు. అలాంటివాళ్లు నైట్ క్రీమ్ డబ్బులు మంచి సన్‌స్క్రీన్ మీద పెట్టడం మేలు.

ముందు మీ చర్మం ఏ రకమో చూసుకోండి

సెలవు రోజు పొద్దున మామూలు ఫేస్‌వాష్‌తో ముఖం కడిగి, మెత్తటి తువ్వాలుతో అద్దుకుని, ఏమీ రాయకుండా గంటసేపు ఉండండి. ఫ్యాన్ కింద గానీ ఏసీలో గానీ కూర్చోవద్దు. గంట తర్వాత పల్చటి టిష్యూ కాగితాన్ని నుదురు, ముక్కు, బుగ్గలు, గడ్డం మీద విడివిడిగా అద్దండి. అన్నిచోట్లా జిడ్డు మరక పడితే జిడ్డు చర్మం. నుదురు, ముక్కు దగ్గరే పడి బుగ్గల మీద పడకపోతే మిశ్రమ చర్మం. ఎక్కడా మరక లేకుండా, నవ్వితే బుగ్గలు లాగినట్టుంటే పొడి చర్మం.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. ముఖం జిడ్డు ఓడుతూనే, కడగ్గానే బిగుసుకుపోతుంది. దాన్ని జిడ్డు చర్మమే అనుకుని ఇంకా గట్టి ఫేస్‌వాష్‌కి మారతారు. జిడ్డు అనేది నూనె సంగతి, బిగుతు అనేది నీటి సంగతి. రెండూ ఒకే ముఖంలో ఉండొచ్చు. ఇలాంటి ముఖానికి కావాల్సింది నూనె లేని తేమ, అంటే గ్లిజరిన్ ఉన్న జెల్ లేదా పల్చటి లోషన్. దాంతోపాటు నురగ తక్కువ వచ్చే ఫేస్‌వాష్.

సిటీలో నీళ్ల సంగతి కూడా ఇక్కడే చూడాలి. మంజీరా నీళ్లొచ్చే ఇంట్లో బాగున్న ముఖం, బోరు నీళ్లో ట్యాంకర్ నీళ్లో వాడే అపార్ట్‌మెంట్‌కి మారగానే పొడిబారుతుంది. గట్టి నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి జిగట పొరలా చర్మం మీద మిగిలిపోతాయి. బకెట్ అంచున తెల్లటి గార కట్టేదీ ఇవే. సబ్బు క్షార గుణం ఉన్నది, చర్మం పైభాగం కొంచెం ఆమ్ల గుణం ఉన్నది, పీహెచ్ దాదాపు 5 దగ్గర ఉంటుంది. ఇల్లు మారాక ముఖం చిటపటలాడుతుంటే క్రీమ్ మార్చేముందు సబ్బు ఆపి, సబ్బు లేని క్లెన్సర్‌తో రెండు వారాలు చూడండి. చాలాసార్లు కొత్త క్రీమ్ అవసరం రాదు.

క్రీమ్‌లో ఏముంటుంది

ఏ మాయిశ్చరైజర్ అయినా మూడు రకాల పదార్థాల కలయికే. మొదటిది నీటిని పట్టి ఉంచేవి: గ్లిజరిన్, హయలురోనిక్ యాసిడ్, యూరియా, పాంథెనాల్. రెండోది గరుకు తగ్గించి పొలుసుల మధ్య సందులు నింపేవి: స్క్వాలేన్, సెరమైడ్లు, షియా బటర్, సెటైల్ ఆల్కహాల్. మూడోది పైన మూతలా పరుచుకుని నీరు ఆవిరి కాకుండా ఆపేవి: పెట్రోలియం జెల్లీ, మినరల్ ఆయిల్, డైమెథికోన్, మైనం. పగటికి మొదటి రకం ఎక్కువగా, మూడో రకంలో డైమెథికోన్ లాంటి తేలికైనది కొద్దిగా ఉంటే సరిపోతుంది. రాత్రికి, ముఖ్యంగా పొడి చర్మానికి, రెండో మూడో రకాలు బాగా ఉండాలి.

మూడింటిలో ఆవిరిని అన్నిటికంటే గట్టిగా ఆపేది పెట్రోలియం జెల్లీయే. అన్నిటికంటే చవకా అదే. ఖరీదైన నైట్ క్రీమ్ కొన్నా చలికాలంలో ముఖం చిట్లుతుంటే, ఆ క్రీమ్ పైన బఠాణీ గింజలో సగం జెల్లీ అరచేతుల్లో పల్చగా రుద్ది అద్దితే పని జరుగుతుంది. మొటిమలు ఉన్నవాళ్లు మాత్రం ఇది బుగ్గలకీ పెదాలకీ పరిమితం చేసుకోవాలి. జెల్లీ తనంతట తాను రంధ్రాలు మూయకపోయినా, కిందున్న చెమటనీ జిడ్డునీ కదలనివ్వదు.

ఇప్పుడు ట్యూబు వెనక్కి తిప్పండి. మన దేశంలో 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ఒక శాతం కంటే ఎక్కువ ఉన్న పదార్థాలను పరిమాణం ప్రకారం పెద్దదాన్నుంచి చిన్నదానికి వరుసగా రాయాలి. ఒక శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. ఆ ఒక శాతం గీత ఎక్కడుందో పట్టుకోవడానికి సులువైన గుర్తు ఫినాక్సీఇథనాల్ అనే నిల్వ పదార్థం. దాన్ని ఒక శాతానికి మించి వేయకూడదు. కాబట్టి జాబితాలో దాని తర్వాత కనిపించేవన్నీ దాదాపుగా ఒక శాతం లోపువే.

ఒక ట్యూబు మీద ఇలా ఉందనుకోండి: ఆక్వా (నీరు), గ్లిజరిన్, క్యాప్రిలిక్ క్యాప్రిక్ ట్రైగ్లిజరైడ్, సెటియరిల్ ఆల్కహాల్, డైమెథికోన్, నియాసినమైడ్, ఫినాక్సీఇథనాల్, కుంకుమపువ్వు సారం, బంగారు భస్మం, పర్ఫ్యూమ్. ముందువైపు అట్ట మీద పెద్దగా కనిపించేది కుంకుమపువ్వూ బంగారమే. జాబితాలో అవి గీత కింద ఉన్నాయి, ఉన్నా లేకున్నా ఒకటే. అసలు పని చేసేది గ్లిజరిన్, క్యాప్రిలిక్ క్యాప్రిక్ ట్రైగ్లిజరైడ్ అనే తేలికపాటి నూనె, డైమెథికోన్, నియాసినమైడ్ (విటమిన్ బి3 రూపం). క్రీమ్ బాగానే ఉంది, డబ్బు మాత్రం అట్ట మీది బొమ్మకు కడుతున్నారు. సెరమైడ్లు, హయలురోనిక్ యాసిడ్ లాంటివి గీత కింద కనిపిస్తే కంగారు పడొద్దు, అవి తక్కువ మోతాదులోనూ పనిచేస్తాయి.

ఆల్కహాల్ అన్న మాట కనపడగానే ట్యూబు పక్కన పెట్టేవాళ్లున్నారు. సెటైల్, స్టియరిల్, సెటియరిల్ ఆల్కహాల్ మైనంలాంటి మెత్తటి పదార్థాలు, చర్మానికి మంచివే. జాగ్రత్త పడాల్సింది ఆల్కహాల్ డినాట్, ఇథనాల్ అన్నవి జాబితా మొదట్లో ఉన్నప్పుడు, అదీ పొడి చర్మం వాళ్లు. పర్ఫ్యూమ్, లిమోనీన్, లినలూల్ లాంటి సువాసన పదార్థాలు ఉంటే సున్నిత చర్మం వాళ్లు వదిలేయండి. నాన్ కామెడోజెనిక్ (రంధ్రాలు మూయదు) అన్న ముద్రకు మరీ విలువ ఇవ్వొద్దు. ఏ పరీక్ష చేసి ఆ ముద్ర వేయాలో చెప్పే నిబంధన ఏదీ లేదు.

కాలాన్ని బట్టి మార్చండి

మన దగ్గర పగలూ రాత్రీ తేడా కన్నా కాలాల తేడా పెద్దది. విశాఖలో ఉండే చుట్టాలు మెచ్చుకున్న క్రీమ్ ఇక్కడ మార్చి నెలలో చాలకపోవడానికి కారణం ఇదే. అక్కడ సముద్రపు గాలి తేమగా ఉంటుంది. దక్కన్ పీఠభూమి మీద మనకు ఎండాకాలం మధ్యాహ్నాలు వడగాలి, గాలిలో తేమ బాగా పడిపోతుంది. పైన చెమట, లోపల పొడి. ఆ వేడిలో మందపాటి క్రీమ్ రాస్తే చెమటకాయలు లేస్తాయి. ఏమీ రాయకపోతే పెదాలూ బుగ్గలూ లాగుతాయి. గ్లిజరిన్ ఉన్న పల్చటి జెల్ క్రీమ్ ఈ కాలానికి సరిగ్గా సరిపోతుంది.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానాకాలం. గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి జిడ్డు చర్మం వాళ్లు పగలు మాయిశ్చరైజర్ మానేసి, కాస్త తేమనిచ్చే సన్‌స్క్రీన్ ఒక్కటే రాసుకున్నా నష్టం లేదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా సంగతి మారుతుంది. రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల చుట్టుపక్కలకు, కొన్ని రోజులు ఇంకా కిందకు దిగుతుంది. పైగా మనవాళ్లు మరిగే నీళ్లతో ముఖం కడుగుతారు. వేడి నీళ్లు చర్మంలోని సహజ కొవ్వును కరిగించి తీసుకుపోతాయి. గోరువెచ్చటి నీళ్లు చాలు. ఈ నాలుగు నెలలే నైట్ క్రీమ్‌కి నిజమైన పని.

ఇక ఏసీ. హైటెక్ సిటీలోనో గచ్చిబౌలిలోనో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏసీ కింద కూర్చునేవాళ్లకు ఏడాది పొడవునా సగం చలికాలమే. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది. వీళ్లు బయట వానాకాలమని చూసి క్రీమ్ తగ్గించుకుంటే మధ్యాహ్నానికి బుగ్గలు గరుకెక్కుతాయి. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లయితే గడియారం వదిలేయండి. ఎండలోకి వెళ్లేముందు రాసేది పగటి క్రీమ్, పడుకునేముందు రాసేది రాత్రి క్రీమ్, అది పొద్దున ఎనిమిదింటికైనా సరే.

పొద్దున రాసే పద్ధతి

ముఖం కడగండి. పొడి చర్మం వాళ్లకు పొద్దున ఉత్త నీళ్లే చాలు. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, చర్మం ఇంకా కొంచెం చెమ్మగా ఉండగానే, అంటే రెండు మూడు నిమిషాల్లోపే మాయిశ్చరైజర్ రాయాలి. చెమ్మ మీద రాస్తే ఆ నీటినే గ్లిజరిన్ పట్టి ఉంచుతుంది. పూర్తిగా ఆరిన ముఖం మీద హయలురోనిక్ సీరమ్ ఒక్కటే రాసి వదిలేస్తే కాసేపటికి ముందుకన్నా బిగుతుగా అనిపించవచ్చు. దాని పైన క్రీమ్ తప్పనిసరి.

కొలత ఇలా చూసుకోండి. చూపుడు వేలు చివరి కణుపు పొడవునా ట్యూబు నుంచి పిండిన గీత దాదాపు అర గ్రాము. పగలు ముఖానికి అంతే చాలు, జిడ్డు చర్మానికి అందులో సగం. నుదురు, రెండు బుగ్గలు, ముక్కు, గడ్డం మీద ఐదు చుక్కలు పెట్టి పరచండి. ఐదు నిమిషాలు ఆగండి. ఆ తర్వాత సన్‌స్క్రీన్.

సన్‌స్క్రీన్ ఉంది కదా అని ఎస్‌పీఎఫ్ 15 (ఎండ నుంచి ఎంత రక్షణో చెప్పే అంకె) రాసి ఉన్న డే క్రీమ్ మీద ఆధారపడకండి. ఎస్‌పీఎఫ్ అంకెను ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున మందంగా రాసి కొలుస్తారు. మాయిశ్చరైజర్‌ను అంత మందంగా ఎవరూ రాయరు, రాస్తే ముఖం జిడ్డోడుతుంది. సగం రాస్తే రక్షణ సగం కన్నా తగ్గొచ్చు. అందుకని ఎస్‌పీఎఫ్ 30 లేదా 50, పీఏ+++ లేదా పీఏ++++ ఉన్న సన్‌స్క్రీన్ విడిగా తీసుకోండి. చూపుడు వేలు, మధ్య వేలు రెండింటి పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకూ వస్తుంది. ఎస్‌పీఎఫ్ 30 దాదాపు 97 శాతం, 50 దాదాపు 98 శాతం యూవీబీ కిరణాలను, అంటే ఎండలో చర్మాన్ని కమిలించేవాటిని, ఆపుతాయి. కాబట్టి 50 పల్చగా రాయడం కన్నా 30 సరైన కొలతలో రాయడం మేలు. పీఏ పక్కన ప్లస్‌లు ఎండలోని మరో రకం కిరణాలైన యూవీఏ సంగతి చెప్తాయి. నల్లబడడానికీ మంగుకూ ముడతలకూ ఎక్కువ కారణం ఆ యూవీఏనే. క్యాబ్ పక్క అద్దాల్లోంచీ ఆఫీసు కిటికీల్లోంచీ అది చాలావరకు లోపలికొస్తుంది. ఎండాకాలం మన ఊళ్లో యూవీ సూచిక (ఈ కిరణాల తీవ్రత చెప్పే అంకె) మధ్యాహ్నాల్లో 11 దాటే, అంటే అతి తీవ్రమైన, రోజులు మామూలే.

మంగు మచ్చలు ఉన్నవాళ్లు ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ తీసుకోండి. మామూలు వెలుతురుతో కూడా మంగు ముదురుతుంది, తెల్లటి సన్‌స్క్రీన్లు దాన్ని పెద్దగా ఆపలేవు.

ఉప్పల్ నుంచి మాదాపూర్ దాకా బండి మీద వెళ్లేవాళ్లకు ఒక ఇబ్బంది ఉంటుంది. స్కార్ఫ్ కట్టుకుని, పైన హెల్మెట్ పెట్టుకుంటే రాసిందంతా బట్టకి అంటుకుంటుంది. ఇంటి నుంచి బయల్దేరడానికి పదిహేను ఇరవై నిమిషాల ముందే సన్‌స్క్రీన్ రాసి ఆరనివ్వండి. స్కార్ఫ్ రోజూ ఉతకండి, హెల్మెట్ లోపలి మెత్తను వారానికొకసారి తీసి ఉతకండి. బుగ్గల అంచునా నుదుటి మీదా వరుసగా వచ్చే సన్నటి మొటిమలకు క్రీమ్‌ని తిట్టేముందు ఆ మెత్తను వాసన చూడండి.

రాత్రి రాసే పద్ధతి

రాత్రికి మొదటి పని సన్‌స్క్రీన్‌నూ రోడ్డు దుమ్మునూ కడిగేయడం. మేకప్ లేదా నీటికి పోని సన్‌స్క్రీన్ ఉంటే ముందు మైసెల్లార్ వాటర్‌తోనో క్లెన్సింగ్ బామ్‌తోనో తుడిచి, తర్వాత ఫేస్‌వాష్. సెనగపిండితో రోజూ రుద్దడం పొడి చర్మానికి పనికిరాదు, అది ఉన్న నూనెనూ లాగేస్తుంది. వారానికొకసారి పాలమీగడతో కలిపి అంటే అభ్యంతరం లేదు. నిమ్మరసం మాత్రం ముఖానికి వద్దే వద్దు. దాని ఆమ్లం మంట పెడుతుంది. పైగా నిమ్మజాతి రసం అంటిన చర్మం ఎండ తగిలితే బొబ్బలెక్కి నల్లటి మచ్చలు పడుతుంది.

ఏ మందూ వాడకపోతే చెమ్మ ముఖం మీద నైట్ క్రీమ్ రాసుకోండి. పొడి చర్మానికి వేలి కణుపు కొలత ఒకటిన్నర, మిశ్రమ చర్మానికి ఒకటి. మిశ్రమ చర్మం వాళ్లు బుగ్గలకు రెండు పొరలు, ముక్కుకు ఒక పొర వేసుకోవచ్చు. ముఖమంతా ఒకేలా రాయాలని నియమమేమీ లేదు.

రెటినాల్, అడపలీన్, ట్రెటినోయిన్ (మొటిమలకూ ముడతలకూ రాసే రెటినాయిడ్లు) వాడేవాళ్లకు ఈ క్రీమ్ చాలా ముఖ్యం. వీటిని రాత్రే వాడాలి. ట్రెటినోయిన్ వెలుతురుకు చెడిపోతుంది. అందులోనూ ఇవి వాడే చర్మం ఎండకు తొందరగా కందుతుంది. ముఖం పూర్తిగా ఆరాక, అంటే పదిహేను ఇరవై నిమిషాలు ఆగాక, ముఖం మొత్తానికి కలిపి బఠాణీ గింజంత మందు రాయాలి. తడి మీద రాస్తే లోపలికి ఎక్కువ దిగి మంట పెంచుతుంది. మొదటి రెండు వారాలు వారానికి రెండు రాత్రులే. మంట ఎక్కువుంటే ముందు పల్చగా మాయిశ్చరైజర్, ఆరాక మందు, మళ్లీ పైన మాయిశ్చరైజర్. ఈ మూడు పొరల పద్ధతిలో మందు బలం కాస్త తగ్గినా, మధ్యలో మానేయకుండా నెలల తరబడి వాడగలుగుతారు, అదే ముఖ్యం. ముక్కు పక్క మడతలు, పెదాల మూలలు, కంటి చివర్లలో ముందుగా కొంచెం జెల్లీ అద్దుకుంటే అక్కడ పగలదు. ఇదే రాత్రి గ్లైకోలిక్ యాసిడ్ (చర్మం పై పొరను ఒలిచే ఆమ్లం) వాడొద్దు. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు రెటినాయిడ్లు ఏవీ వాడకూడదు. మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్ వాడేవాళ్లు రంగు దిండు గలీబులు తీసి తెల్లవి వేసుకోండి, రంగు పోతుంది.

యాభై గ్రాముల డబ్బా ఎన్నాళ్లొస్తుందన్న లెక్క కొనేముందే వేసుకోండి. పూటకు అర గ్రాము చొప్పున రోజుకు ఒక్క పూటే వాడితే మూడు నెలలు దాటుతుంది, రెండు పూటలూ వాడితే యాభై రోజులు. రెండు వేళ్ల సన్‌స్క్రీన్ ఒక గ్రాము అనుకుంటే యాభై గ్రాముల ట్యూబు రోజుకొకసారికి యాభై రోజులే. ఆరు నెలలైనా సన్‌స్క్రీన్ అయిపోలేదంటే చాలా తక్కువ రాస్తున్నారన్నమాట.

తేడా కొట్టేది ఎక్కడ

సన్‌స్క్రీన్ రాస్తుంటే చిన్న చిన్న ఉండలుగా రాలిపోతుందా? కింద రాసింది ఎక్కువై ఉండాలి, లేదా ఆరకముందే పైది రుద్ది ఉండాలి. కింది పొర తగ్గించి, ఐదు నిమిషాలు ఆగి, రుద్దకుండా అద్దుతూ రాయండి. అయినా రాలుతుంటే ఆ రెండూ ఒకదానికొకటి పడవు, ఒకటి మార్చాల్సిందే.

నుదుటి మీద, జుట్టు మొదట్లో సన్నటి గింజల్లాంటివి వస్తే ముందు తలనూనెను అనుమానించండి. రాత్రి తలకు కొబ్బరినూనె పట్టించి పడుకుంటే అది దిండు మీదుగా ముఖానికి వస్తుంది. కొబ్బరినూనె ఒంటికి మంచిదే, మొటిమలొచ్చే ముఖానికి కాదు. అవే గింజలు దురద పెడుతూ, అన్నీ ఒకే సైజులో, వానాకాలంలో ఎక్కువైతే ఫంగస్ వల్ల కావచ్చు. నూనెలున్న క్రీమ్ దానికి మేత అవుతుంది, మొటిమల మందు పనిచేయదు.

ముక్కు పక్కన, కనుబొమ్మల్లో పసుపు ఛాయ పొలుసులు లేస్తుంటే, తలలో చుండ్రు కూడా ఉంటే, అది పొడి చర్మం కాదు. ఎంత మందపాటి క్రీమ్ రాస్తే అంత పెరుగుతుంది. దానికి చర్మ డాక్టర్ రాసే ఫంగస్ మందు కావాలి.

కొత్త క్రీమ్ రాయగానే రెండు క్షణాలు చురుక్కుమని పోతే చర్మం అప్పటికే పగిలి ఉందని అర్థం. పది నిమిషాల తర్వాతా మండుతుంటే, ఎర్రబడితే కడిగేసి ఆపండి. అందుకే కొత్తదేదైనా ముందు మోచేతి మడతలో, తర్వాత చెవి కింద దవడ అంచున, రోజుకు రెండుసార్లు వారం రోజులు రాసి చూడాలి. ఒక్కరోజు చూసి వదిలేస్తే అలర్జీ బయటపడదు, అది చాలాసార్లు రోజులు గడిచాకే తెలుస్తుంది. ఒకేసారి రెండు కొత్తవి మొదలుపెట్టకండి, దేనివల్ల తేడా వచ్చిందో తేల్చలేరు.

కొనేటప్పుడు

బేగం బజార్‌లో హోల్‌సేల్ ధరకు కొన్నా, కాలనీ మెడికల్ షాపులో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా చూడాల్సినవి అవే: తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబర్, తయారీ లైసెన్స్ నంబర్, ఎప్పటిలోగా వాడాలన్న తేదీ, పదార్థాల జాబితా. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ ఉండాలి. అట్ట మీద బ్యాచ్ నంబరూ ట్యూబు మీద నంబరూ ఒకటి కాకపోతే తీసుకోవద్దు. జాబితా అసలే లేని, వారంలో తెల్లబరుస్తామనే క్రీముల జోలికి పోవద్దు. అలాంటివాటిలో పాదరసం దొరికిన సందర్భాలున్నాయి, అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

అంతకన్నా మామూలుగా జరిగేది మరొకటి. నైట్ క్రీమ్ కావాలని అడిగితే కొన్ని షాపుల్లో ఓ సన్నటి ట్యూబు చేతిలో పెడతారు. దాని మీద ఆర్‌ఎక్స్ గుర్తు, నిలువు ఎర్రగీత ఉంటాయి. జాబితాలో బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్‌లలో ఏదో ఒకటి, తరచుగా నలుపు తగ్గించే హైడ్రోక్వినోన్ కూడా కనిపిస్తుంది. మొదటి నాలుగూ స్టెరాయిడ్ మందులు, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడనివి. మొదటి వారం ముఖం మెరుస్తుంది, అందుకే పక్కింటి అక్కకీ చెప్తారు. నెలలు గడిచేకొద్దీ చర్మం పల్చబడి ఎర్రటి సన్న నరాలు తేలతాయి, ముఖం మీద వెంట్రుకలు మొలుస్తాయి, మొటిమలు గుంపులుగా వస్తాయి, పొయ్యి దగ్గర నిలబడినా మండుతుంది. మానేస్తే రెండు మూడు రోజుల్లో ముఖం ఉబ్బి ఎర్రబడుతుంది, భయపడి మళ్లీ అదే రాస్తారు. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే సొంతంగా ఉన్నపళాన ఆపకుండా చర్మ డాక్టర్‌కి ఆ ట్యూబుతో సహా చూపించండి. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంది.

మగవాళ్లకు విడిగా క్రీమ్ అక్కర్లేదు. గడ్డం గీసుకున్న రోజు ఆఫ్టర్‌షేవ్ బదులు పర్ఫ్యూమ్ లేని లోషన్ రాసుకుంటే చాలు.

నోరు వెడల్పుగా ఉండే డబ్బా కన్నా ట్యూబు గానీ పంపు సీసా గానీ మంచిది, వేళ్ల మురికి లోపలికి పోదు. తెరిచిన డబ్బా బొమ్మలో 6ఎం, 12ఎం అని ఉంటే తెరిచాక అన్ని నెలలే వాడాలని. తెరిచిన తేదీ పెన్నుతో అడుగున రాసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో సన్‌స్క్రీన్‌నూ క్రీమ్‌నూ బండి డిక్కీలోనో కారు డ్యాష్‌బోర్డు మీదో వదిలేస్తే ఆ వేడికి నూనె ఒకవైపు, నీరు ఒకవైపు విడిపోతాయి. మూత తీయగానే ముందుగా పసుపుపచ్చటి నీరు కారి, తర్వాత పలుకులు పలుకులుగా క్రీమ్ వస్తే దాన్ని కలిపి వాడాలని చూడకండి. పైకి కలిసినట్టే ఉన్నా ఎండను ఆపే పదార్థం ముఖం మీద సమంగా పరుచుకోదు. ఆ ట్యూబు పారేసి, కొత్తదాన్ని బ్యాగులోనో ఆఫీసు డ్రాయర్‌లోనో పెట్టుకోండి.